ఎన్‌ఎఫ్‌ఎస్ ల్యాబ్‌కు కర్నెల్: ఆర్‌పీసీ ఆప్షన్లలో దేన్ని లోపల కట్టాలి, దేన్ని మాడ్యూల్‌గా వదలాలి

అనంతపురంలో నేను చూసుకునే కళాశాల ల్యాబ్‌లో 40 కంప్యూటర్లు ఉన్నాయి. వాటిలో 24 కంప్యూటర్లకు హార్డ్‌డిస్క్ లేదు. అవి నెట్‌వర్క్ మీద లేచి, తమ రూట్ ఫైల్ వ్యవస్థను (సిస్టం నడవడానికి కావలసిన మూల ఫైళ్లను) కూడా సర్వర్ నుంచే తెచ్చుకుంటాయి. మిగిలిన 16 కంప్యూటర్లు తమ డిస్క్ మీద లేచి, విద్యార్థుల హోమ్ డైరెక్టరీలను మాత్రమే సర్వర్ నుంచి మౌంట్ చేసుకుంటాయి, అంటే తమ సొంత ఫోల్డర్లలా తగిలించుకుంటాయి. ఒకే గదిలో, ఒకే స్విచ్‌కు తగిలించిన ఈ రెండు రకాల కంప్యూటర్లకు లైనక్స్ కర్నెల్‌లోని (సిస్టంను నడిపే మూల ప్రోగ్రాంలోని) ఆర్‌పీసీ, అంటే రిమోట్ ప్రొసీజర్ కాల్ ఆప్షన్లను ఒకే తీరుగా పెట్టడం కుదరదని తెలుసుకోవడానికి నాకు చాలా కాలం పట్టింది. కర్నూలు నుంచీ కడప నుంచీ ఇదే ప్రశ్న అడిగే మిత్రులు ఉన్నారు కాబట్టి, ఏ పరిస్థితిలో ఏ ఎంపిక సరిపోతుందో, ఎందుకు సరిపోతుందో ఇక్కడ వివరంగా రాస్తున్నాను.

రిమోట్ ప్రొసీజర్ కాల్ అంటే ఒక కంప్యూటర్‌లోని ప్రోగ్రాం మరో కంప్యూటర్‌లోని పనిని తన సొంత ఫంక్షన్‌ను పిలిచినట్టే పిలవడం. 1980లలో సన్ మైక్రోసిస్టమ్స్ తయారుచేసిన పద్ధతే నేటికీ లైనక్స్ కర్నెల్‌లో సన్‌ఆర్‌పీసీ అన్న పేరుతో ఉంది. దాని రెండో వెర్షన్ 1988లో ఆర్‌ఎఫ్‌సీ అనే ఇంటర్నెట్ ప్రమాణ పత్రాల వరుసలో 1057గా వెలువడింది. ఇప్పుడు ప్రమాణంగా తీసుకునేది 2009 నాటి ఆర్‌ఎఫ్‌సీ 5531. కర్నెల్‌లో దీన్ని ప్రధానంగా వాడుకునేది ఎన్‌ఎఫ్‌ఎస్, అంటే సర్వర్‌లోని ఫైళ్లను నెట్‌వర్క్ మీద సొంత ఫైళ్లలా వాడుకునే పద్ధతి. వెబ్ సేవల్లో వాడే జీఆర్‌పీసీ యూజర్ స్థాయిలో నడిచే వేరే సరుకు. దాని కోసం కర్నెల్‌లో ఏ ఆర్‌పీసీ ఆప్షనూ ముట్టుకోనక్కరలేదు.

కర్నెల్ కాన్ఫిగ్ ఫైల్‌లో ప్రతి ఆప్షన్ పేరుకూ ముందు కాన్ఫిగ్ అన్న మాట, పదాల మధ్య కింది గీతలు ఉంటాయి. చదవడానికి వీలుగా వాటిని వదిలేసి, పలికే తీరులోనే పేర్లు రాస్తున్నాను.

ముందుగా ఒక విషయం తేల్చుకోవాలి. ఆర్‌పీసీకి సంబంధించిన నిర్ణయాలు మూడు వేళల్లో జరుగుతాయి. కొన్నింటిని కర్నెల్ కంపైల్ చేసేటప్పుడే తేల్చాలి. కొన్నింటిని మాడ్యూల్ (కర్నెల్‌కు అవసరమైనప్పుడు తగిలించే విడి ముక్క) లోడ్ అయ్యే వేళ పారామీటరుగా ఇవ్వవచ్చు. చాలావాటిని మౌంట్ చేసేటప్పుడో, సర్వర్ నడుస్తుండగానో మార్చవచ్చు. నా అనుభవంలో కొత్త కర్నెల్ కట్టాలని కూర్చున్నవారిలో ఎక్కువమందికి కావలసిన మార్పు ఈ మూడో రకంలోనే దొరుకుతుంది. సర్వర్ నెమ్మదిగా ఉందని కర్నెల్‌ను తిరగరాయబోయే ముందు, ఆ నెమ్మదికి కారణం ఏ దశలో ఉందో చూసుకోవాలి.

మెనూలో కనబడని ఆప్షన్

కర్నెల్ ఆప్షన్లను ఎంచుకునే మెనూకాన్ఫిగ్ తెరిచి, ఏటవాలు గీత నొక్కి, ఆర్‌పీసీ అని వెతికితే సన్‌ఆర్‌పీసీ అన్న పేరు కనబడుతుంది కానీ, దాన్ని నేరుగా ఎంచుకునే గడి ఎక్కడా ఉండదు. దానికి సొంతంగా ప్రశ్న లేదు. ఎన్‌ఎఫ్‌ఎస్ క్లయింట్‌నో, సర్వర్‌నో ఎంచుకున్నప్పుడు అవే దాన్ని వెంట తెచ్చుకుంటాయి. వెతుకులాట ఫలితాల్లో ఏఎఫ్ ఆర్‌ఎక్స్‌ఆర్‌పీసీ అన్నది కూడా వస్తుంది. పేరులో ఆర్‌పీసీ ఉంది కదా అని దాన్ని ఆన్ చేసి, ఎన్‌ఎఫ్‌ఎస్ ఎందుకు పనిచేయడం లేదని తలపట్టుకున్న విద్యార్థులను నేను చూశాను. అది ఏఎఫ్‌ఎస్ అనే వేరే ఫైల్ వ్యవస్థ వాడే ఆర్‌ఎక్స్ ఆర్‌పీసీకి చెందినది; ఎన్‌ఎఫ్‌ఎస్ మాత్రమే కావలసినవారు దాన్ని ఆపివేసి ఉంచవచ్చు.

సన్‌ఆర్‌పీసీ తనంతట తాను నిర్ణయించుకోదు కాబట్టి, దాన్ని పిలిచేవారిలో ఎవరు ఎంత గట్టిగా పిలిస్తే అది అంత గట్టిగా వస్తుంది. ఎన్‌ఎఫ్‌ఎస్ క్లయింట్ మాడ్యూల్‌గా, సర్వర్ కర్నెల్ లోపల కట్టినదిగా ఉంటే, సన్‌ఆర్‌పీసీ కూడా లోపలికే వెళ్తుంది. ఇది తెలియక కొందరు మాడ్యూల్ పారామీటర్లను మోడ్‌ప్రోబ్ (మాడ్యూళ్లను లోడ్ చేసే కమాండు) ఫైళ్లలో రాసి, అవి అమలు కావడం లేదని ఫిర్యాదు చేస్తారు. లోపల కట్టిన కోడ్ మోడ్‌ప్రోబ్ ఫైళ్లను చదవదు. ఆ పారామీటర్లను కర్నెల్ కమాండ్ లైన్‌లో, ముందు సన్‌ఆర్‌పీసీ అని, చుక్క పెట్టి, రాయాలి.

లోపల కట్టడమా, మాడ్యూలా

ఈ ప్రశ్నకు జవాబు వేగాన్ని బట్టి ఉండదు. రెండింటి నడక వేగంలో ల్యాబ్‌లో గమనించదగిన తేడా నాకెప్పుడూ కనబడలేదు. చూడవలసిందల్లా ఒక్కటే: ఎన్‌ఎఫ్‌ఎస్ మొదటిసారి అవసరమయ్యే సమయానికి ఆ మాడ్యూల్ ఫైల్ కంప్యూటర్‌కు అందుబాటులో ఉంటుందా, ఉండదా?

డిస్క్ ఉన్న కంప్యూటర్‌లో ఎప్పుడూ అందుబాటులోనే ఉంటుంది. కాబట్టి మా 16 కంప్యూటర్లలో డిస్ట్రిబ్యూషన్ ఇచ్చిన కర్నెల్‌నే ఉంచాను. అందులో ఎన్‌ఎఫ్‌ఎస్, సన్‌ఆర్‌పీసీ రెండూ మాడ్యూళ్లే. కడపలో ఐదారు కంప్యూటర్లతో డిజిటల్ ప్రింటింగ్ చేసే మిత్రుడొకరు తన సర్వర్‌కు ప్రత్యేక కర్నెల్ కావాలా అని అడిగితే, అక్కరలేదని ఒక్క మాటలో చెప్పాను. అలాంటి చోట సొంత కర్నెల్ కట్టుకుంటే వచ్చే లాభం లేదు. భద్రతా సవరణ వచ్చిన ప్రతిసారీ మళ్లీ కట్టుకోవలసిన భారం మాత్రం ఉంటుంది.

డిస్క్ లేని కంప్యూటర్ సంగతి వేరు. మాడ్యూళ్లు ఉండేది రూట్ ఫైల్ వ్యవస్థలో. ఆ రూట్ ఉండేది నెట్‌వర్క్ అవతల. నెట్‌వర్క్ అవతలికి వెళ్లాలంటే ఆ మాడ్యూళ్లు కావాలి. ఈ ముడిని విప్పడానికి రెండు దారులున్నాయి, ఇక్కడే అసలు పోలిక.

మొదటి దారిలో రూట్ ఎన్‌ఎఫ్‌ఎస్ అన్న ఆప్షన్‌ను వాడతాం. అది మెనూలో కనబడాలంటే ఎన్‌ఎఫ్‌ఎస్ క్లయింట్‌ను మాడ్యూల్‌గా కాక లోపల కట్టి ఉండాలి, ఐపీ పీఎన్‌పీ అనే కర్నెల్ స్థాయి అడ్రస్ కేటాయింపు కూడా ఆన్‌లో ఉండాలి. డీహెచ్‌సీపీ ద్వారా అడ్రస్ తీసుకోవాలంటే దాని కింద ఉన్న డీహెచ్‌సీపీ ఆప్షన్ కూడా కావాలి. నెట్‌వర్క్ కార్డు డ్రైవర్ కూడా లోపలే ఉండాలి. ఆ కార్డుకు ఫర్మ్‌వేర్ ఫైల్ అవసరమైతే, అది కూడా రూట్ రాకముందే కావాలి కాబట్టి, ఎక్స్‌ట్రా ఫర్మ్‌వేర్ ఆప్షన్ ద్వారా కర్నెల్‌లోకే చేర్చాలి. రెండో దారిలో ఇవన్నీ మాడ్యూళ్లుగానే ఉంచి, వాటిని ఇనిట్‌ర్యామ్‌ఎఫ్‌ఎస్ అనే చిన్న తాత్కాలిక రూట్‌లో పెట్టి, కర్నెల్‌తో పాటే కంప్యూటర్‌కు పంపుతాం. ఆ తాత్కాలిక రూట్‌ను తయారుచేసే డ్రాకట్, ఇనిట్‌ర్యామ్‌ఎఫ్‌ఎస్ టూల్స్ రెండింటికీ ఎన్‌ఎఫ్‌ఎస్ రూట్‌ను మౌంట్ చేయడం వచ్చు.

నేను రెండేళ్లు మొదటి దారిలోనే నడిచాను. అన్ని కంప్యూటర్లలో ఒకే రకం మదర్‌బోర్డు ఉన్నంత కాలం అది ఎంతో హాయిగా సాగింది: ఒకే ఫైల్, మధ్యలో పాడయ్యేది ఏమీ లేదు, తెర మీద వచ్చే ప్రతి వరుసా కర్నెల్‌దే. తర్వాత నాలుగు బోర్డులు కాలిపోయి, వాటి స్థానంలో వేరే కార్డు ఉన్న బోర్డులు వచ్చేసరికి ఆ నాలుగింటి కోసం కర్నెల్‌ను మళ్లీ కట్టాల్సి వచ్చింది. అంతకంటే నన్ను బాధపెట్టిన విషయం మరొకటి ఉంది. పరీక్షల హడావిడిలో పడి, భద్రతా సవరణలు వచ్చిన చాలా వారాల తర్వాత గానీ మా కర్నెల్‌ను నేను సవరించలేకపోయాను. ల్యాబ్ నడుస్తూనే ఉన్నా, ఆ నడకకు బాధ్యత పూర్తిగా నాదే. ఆ సెలవుల్లోనే రెండో దారికి మారాను.

రెండో దారికీ దాని తలనొప్పులున్నాయి. రియల్‌టెక్ కార్డులున్న బోర్డుల్లో ఆర్8169 అనే డ్రైవర్‌ను తాత్కాలిక రూట్‌లో పెట్టినంత మాత్రాన సరిపోలేదు. కంప్యూటర్ లేస్తూనే ఆగిపోయింది. తెర మీద వరుసలను ఫోన్‌తో వీడియో తీసి, ఒక్కొక్క వరుసా ఆపి చదివితే, పీహెచ్‌వై చిప్‌కు (కార్డులో కేబుల్ సంకేతాలను చూసుకునే భాగానికి) తగిన డ్రైవర్ దొరకలేదనీ, బహుశా రియల్‌టెక్ మాడ్యూల్‌ను ఇనిట్‌ర్యామ్‌ఎఫ్‌ఎస్‌లో చేర్చాల్సి ఉంటుందనీ ఆ డ్రైవర్ తానే చెప్పింది. చేర్చాను, లేచింది. లోపం ఏమిటో, మందు ఏమిటో కూడా ఒకే వరుసలో చెప్పే డ్రైవర్లు అరుదు, అందుకే ఆ వరుస నాకు ఇప్పటికీ గుర్తుంది.

ఈ రెండు దారుల మధ్య వేగం తేడా కూడా ఒకచోట ఉంది, అయితే అది మాడ్యూళ్ల వల్ల వచ్చింది కాదు. కర్నెల్ తానే రూట్‌ను మౌంట్ చేసినప్పుడు, వేరుగా చెప్పకపోతే ఒక్కో చదువుకూ రాతకూ పరిమాణం 4096 బైట్లుగా తీసుకుంటుంది. తాత్కాలిక రూట్‌లోని మౌంట్ ప్రోగ్రాం అయితే సర్వర్‌తో మాట్లాడి, ఒక మెగాబైట్ దాకా పెంచుకోగలదు. కాబట్టి మొదటి దారిని ఎంచుకునేవారు ఎన్‌ఎఫ్‌ఎస్‌రూట్ పారామీటర్‌లో చదువు పరిమాణం, రాత పరిమాణం, వెర్షన్, టీసీపీ (పంపినది చేరిందో లేదో చూసుకునే రవాణా పద్ధతి) అన్న నాలుగింటినీ తామే స్పష్టంగా రాయాలి. అలా రాయకుండానే రూట్ ఎన్‌ఎఫ్‌ఎస్ నెమ్మది అని తీర్పు ఇవ్వడం అన్యాయం.

కర్నెల్ తానే మౌంట్ చేసిన రూట్ మీద లాకింగ్ (ఒక ఫైల్‌ను ఒకేసారి ఇద్దరు మార్చకుండా ఆపే ఏర్పాటు) ఉండదన్నది కూడా గుర్తుంచుకోవాలి. ఆ రూట్‌ను చదవడానికి మాత్రమే వీలుగా పెట్టి, హోమ్ డైరెక్టరీలను వేరే మౌంట్‌గా తెచ్చుకోవడం క్షేమం. అందుకోసం ఎన్‌ఎఫ్‌ఎస్ క్లయింట్, వెర్షన్ 3 లోపల కట్టి, వెర్షన్ 4ను మాడ్యూల్‌గా ఉంచవచ్చు. రూట్ వచ్చాక ఆ మాడ్యూల్ ఎలాగూ దొరుకుతుంది.

సొంతంగా కర్నెల్ కట్టేవారు తరచుగా పడే గుంత ఒకటుంది. లోకల్‌మోడ్‌కాన్ఫిగ్ అనే పద్ధతి ఆ క్షణంలో లోడ్ అయి ఉన్న మాడ్యూళ్లను మాత్రమే ఉంచి, మిగిలినవాటిని తీసేస్తుంది. ఎన్‌ఎఫ్‌ఎస్ మౌంట్ ఏదీ లేని సమయంలో దాన్ని నడిపితే సన్‌ఆర్‌పీసీ, కెర్బెరోస్ (యూజర్ ఎవరో నిరూపించే భద్రతా పద్ధతి) మాడ్యూళ్లు మొత్తం మాయమవుతాయి. ముందు కావలసిన మౌంట్లన్నీ చేసి, భద్రతా పద్ధతి సహా ఒకసారి వాడి, ఆ తర్వాతే దాన్ని నడపాలి.

వెర్షన్లు, టీసీపీ, కరెంటు

ఎన్‌ఎఫ్‌ఎస్ వెర్షన్ 2ను ఆపేయండి. రెండు గిగాబైట్లు దాటిన ఫైళ్లను అది చూడలేదు. దాన్ని తప్పనిసరిగా కోరే పరికరం మీ దగ్గర ఉంటే ఆ సంగతి మీకు ఇప్పటికే తెలిసి ఉంటుంది.

యూడీపీ (పంపినది చేరిందో లేదో చూసుకోని రవాణా పద్ధతి) విషయంలో ఆప్షన్ పేరే తికమక పెడుతుంది. ఎన్‌ఎఫ్‌ఎస్ డిజేబుల్ యూడీపీ సపోర్ట్ అన్నదానికి వై అని పెడితే యూడీపీ ఆగిపోతుంది. దాన్ని వైగానే ఉంచాలని నేను గట్టిగా చెబుతాను, ఎందుకో లెక్క వేసి చూపిస్తాను. 32 కిలోబైట్ల యూడీపీ సందేశం నెట్‌వర్క్ మీద ముక్కలుగా వెళ్తుంది; ఆ ముక్కలన్నీ ఒకే సందేశానివని గుర్తించడానికి 16 బిట్ల గుర్తింపు సంఖ్య, అంటే 65,536 విలువలు మాత్రమే ఉన్నాయి. గిగాబిట్ లైన్ నిండుగా నడిస్తే సెకనుకు సుమారు 3,800 సందేశాలు వెళ్తాయి కాబట్టి, దాదాపు 17 సెకన్లలో ఆ సంఖ్యలన్నీ అయిపోయి మళ్లీ మొదటికి వస్తాయి. లైనక్స్ మాత్రం అసంపూర్తి ముక్కలను మామూలుగా 30 సెకన్లు దాచి ఉంచుతుంది. అంటే పోయిన ఒక పాత ముక్క స్థానంలో కొత్త సందేశపు ముక్క వచ్చి అతుక్కునే అవకాశం నిజంగానే ఉంది, యూడీపీలోని చిన్న చెక్‌సమ్ దాన్ని ప్రతిసారీ పట్టుకోలేదు. విద్యార్థి రాసిన ప్రాజెక్టు ఫైల్ ఎవరికీ తెలియకుండా పాడయ్యే ప్రమాదం కంటే, టీసీపీకి అయ్యే కొద్దిపాటి అదనపు ఖర్చు వెయ్యి రెట్లు మేలు.

వెర్షన్ 3కూ వెర్షన్ 4కూ మధ్య ఎంపికలో ఆలోచించవలసింది ఎక్కువ. వెర్షన్ 3కి 111 పోర్టులో ఆర్‌పీసీబైండ్, దానితో పాటు మౌంట్‌డీ, స్టాట్‌డీ, లాక్‌డీ అని వేర్వేరు సేవలు, వేర్వేరు పోర్టులు కావాలి. వెర్షన్ 4 అంతా 2049 అనే ఒక్క పోర్టులో నడుస్తుంది. ఫైర్‌వాల్ రాసేవారికి ఇది పెద్ద ఊరట. అయితే 4.0లో సర్వర్ క్లయింట్‌ను వెనక్కి పిలవాలంటే కొత్త కనెక్షన్ తెరవాలి. క్లయింట్లు న్యాట్ (లోపలి కంప్యూటర్లన్నీ ఒకే బయటి అడ్రస్‌తో కనబడే ఏర్పాటు) వెనుక ఉన్న ఆఫీసుల్లో ఆ పిలుపు చేరదు. 4.1 నుంచి ఆ పిలుపు క్లయింట్ తెరిచిన కనెక్షన్ మీదనే తిరిగి వస్తుంది. దానికి కావలసిన సన్‌ఆర్‌పీసీ బ్యాక్‌చానెల్ ఆప్షన్‌ను 4.1 తానే వెంట తెచ్చుకుంటుంది. అందుకే వెర్షన్ 4 ఎంచుకునేవారు 4.1నీ 4.2నీ కూడా ఎంచుకోవాలి, 4.0 దగ్గర ఆగవద్దు.

వెర్షన్ 4లో మన ప్రాంతానికి ప్రత్యేకంగా తగిలే విషయం సర్వర్ పడి లేచినప్పుడు జరిగేది. ఆషాఢ గాలులకు లైన్లు తెగి కరెంటు పోయిన రోజున, యూపీఎస్ కూడా అయిపోయి సర్వర్ ఆగిందనుకోండి. సర్వర్ తిరిగి లేచాక 90 సెకన్ల గ్రేస్ కాలం పెడుతుంది. ఆ వ్యవధిలో పాత క్లయింట్లు తమ లాకులనూ తెరిచిన ఫైళ్లనూ తిరిగి క్లెయిమ్ చేసుకోవచ్చు. కొత్తగా ఫైల్ తెరవబోయేవారు మాత్రం ఆగాలి. వెర్షన్ 4లో ఫైల్ తెరవడమే సర్వర్ లెక్కలో ఉంటుంది కాబట్టి, విద్యార్థి లాగిన్ అయితే డెస్క్‌టాప్ రాక, నిమిషంన్నర దాకా మౌస్ బాణం మాత్రమే తిరుగుతుంది. మా ల్యాబ్ అసిస్టెంట్ మొదటిసారి దీన్ని చూసి సర్వర్ పాడైందనుకుని మళ్లీ రీస్టార్ట్ చేశాడు. గ్రేస్ కాలం మళ్లీ మొదలైంది. అతని తప్పేమీ లేదు, నేనే ముందుగా చెప్పి ఉండాల్సింది. ఇప్పుడు సర్వర్ గదిలో గోడకు కాగితం అంటించాను: లేచాక రెండు నిమిషాలు ముట్టుకోవద్దు. వెర్షన్ 3లో ఈ ఆగడం లాకులకే పరిమితం. కరెంటు తరచుగా పోయే చోట, యూపీఎస్ సరిగా లేని చోట, దీన్ని కూడా తూకంలో వేసుకోవాలి. అయినా నా తూకం 4.2 వైపే మొగ్గుతుంది, ఎందుకంటే లాకుల విషయంలో వెర్షన్ 3 స్టాట్‌డీ మీద ఆధారపడి చేసే పనిని వెర్షన్ 4 తన సొంత పద్ధతిలోనే చక్కగా చేస్తుంది.

ఎవరిని నమ్మాలి

మామూలు ఎన్‌ఎఫ్‌ఎస్‌లో క్లయింట్ పంపిన యూజర్ సంఖ్యనే సర్వర్ నమ్ముతుంది. దీన్ని సిస్ పద్ధతి అంటారు. విద్యార్థి ఒకరు తన పెన్‌డ్రైవ్‌తో ల్యాబ్ కంప్యూటర్‌ను లేపితే, అందులో అతడే రూట్, అంటే అన్ని అధికారాలూ ఉన్న యూజర్. తనకు నచ్చిన యూజర్ సంఖ్యతో ఖాతా తెరిచి, తోటి విద్యార్థి హోమ్ డైరెక్టరీని మౌంట్ చేసి చదవగలడు. రూట్‌గా వచ్చినవారి అధికారాలను సర్వర్ తీసేసే రూట్ స్క్వాష్ దీన్ని ఆపదు, ఎందుకంటే అతడు రూట్‌గా రావడం లేదు, తోటి విద్యార్థిగా వస్తున్నాడు. 1024 లోపు పోర్టుల నుంచి వచ్చినవారినే నమ్మాలన్న నియమం కూడా ఆపదు. తన సొంత సిస్టంలో అతడు ఏ పోర్టునైనా వాడగలడు. ప్రింటింగ్ కేంద్రంలో ఐదుగురు నమ్మకస్థులే పనిచేస్తుంటే సిస్ చాలు. వందలమంది వచ్చిపోయే ల్యాబ్‌లో చాలదని నా దృఢమైన అభిప్రాయం.

అక్కడ కెర్బెరోస్ పెట్టాలి, అందుకు ఆర్‌పీసీసెక్ జీఎస్‌ఎస్ కేఆర్‌బీ5 అనే ఆప్షన్ కావాలి. దాన్ని మాడ్యూల్‌గా ఉంచితే సరిపోతుంది. దానితో మూడు స్థాయిలు వస్తాయి: యూజర్ ఎవరో నిరూపించేది, దానితో పాటు సందేశం మారలేదని నిరూపించేది, అన్నింటితో పాటు సందేశాన్ని ఎన్‌క్రిప్ట్ చేసేది. కొత్త కర్నెళ్లలో ఎన్‌క్రిప్షన్ రకాలను కూడా విడివిడిగా ఎంచుకోవచ్చు. ఏఈఎస్ రకాలు ఉంచుకుంటే చాలు.

కెర్బెరోస్ పెట్టిన తర్వాత మొదటి సోమవారం ఉదయం మూడు కంప్యూటర్లలో ఎవరూ లాగిన్ కాలేకపోయారు. పాస్‌వర్డ్ సరైనదే, నెట్‌వర్క్ సరైనదే. ఒక కంప్యూటర్ బయోస్‌లోకి వెళ్లి చూస్తే తేదీ ఏళ్ల వెనక ఉంది. ఆదివారం కరెంటు మెయిన్ స్విచ్ ఆపేశారు. బోర్డు మీది నాణెం బ్యాటరీ అయిపోయింది. కరెంటు వచ్చేసరికి గడియారం మొదటికి వెళ్లింది. కెర్బెరోస్ మామూలుగా 5 నిమిషాలకు మించిన తేడాను ఒప్పుకోదు. ఆ రోజే బ్యాటరీలు తెచ్చి అన్నింటికీ మార్చాను, లాగిన్ తెర రావడానికి ముందే గడియారం సర్వర్‌తో సరిచేసుకునేలా ఏర్పాటు చేశాను. కెర్బెరోస్ ఎంచుకునేవారు కర్నెల్ ఆప్షన్ కంటే ముందు గడియారాల సంగతి చూసుకోవాలి.

కెర్బెరోస్ సర్వర్‌ను నడిపే ఓపిక లేనివారికి ఇప్పుడు మరో దారి ఉంది. 2022లో ఆర్‌ఎఫ్‌సీ 9289గా వచ్చిన ఆర్‌పీసీ టీఎల్‌ఎస్ పద్ధతి లైనక్స్ 6.5 నాటికి సర్వర్, క్లయింట్ రెండింటిలోనూ చేరింది. దానికి కర్నెల్‌లో టీఎల్‌ఎస్ ఆప్షన్, యూజర్ స్థాయిలో టీఎల్‌ఎస్‌హెచ్‌డీ అనే సేవ కావాలి. ఇది లైన్ మీద వెళ్లేదాన్ని దాస్తుంది, సర్టిఫికెట్లు ఇస్తే వచ్చిన కంప్యూటర్ మనదేనా అని చూస్తుంది. ఆ కంప్యూటర్ వెనుక కూర్చున్నది ఎవరో మాత్రం చెప్పదు. రెండు కార్యాలయాల మధ్య లైన్‌కు టీఎల్‌ఎస్ తగినది, విద్యార్థుల ల్యాబ్‌కు కెర్బెరోస్ తగినది. ఒకదాని స్థానంలో ఇంకొకటి పెట్టి సరిపెట్టుకోవద్దు.

కర్నెల్ కట్టకుండానే మార్చగలిగినవి

కర్నూలులోని మిత్రుడొకరు అనంతపురం సర్వర్‌ను అక్కడి నుంచి మౌంట్ చేసుకుని, వేగం లేదని, ఏ కర్నెల్ ఆప్షన్ పెట్టాలని అడిగాడు. దాదాపు 150 కిలోమీటర్ల దూరం. మధ్యలోని లైన్ మీద వెళ్లి రావడానికి 10 మిల్లీసెకన్లు పడుతుందనుకుందాం. ఒకసారికి ఒకే కాల్ పంపి జవాబు కోసం ఆగితే సెకనుకు 100 కాల్స్ మించవు. 16 కాల్స్ ఒకేసారి దారిలో ఉంటే 1,600 అవుతాయి. ఈ దారిలో ఉండగల కాల్స్ సంఖ్యను స్లాట్లు అంటారు. టీసీపీ మీద సన్‌ఆర్‌పీసీ మామూలుగా 2 స్లాట్లతో మొదలై, అవసరాన్ని బట్టి 65,536 దాకా పెంచుకుంటుంది. ఎన్‌ఎఫ్‌ఎస్ 4.1 నుంచి సెషన్ స్లాట్ల పరిమితి దీనికి తోడవుతుంది. క్లయింట్ మామూలుగా అడిగేది 64. వీటిలో దేనికీ కర్నెల్ కట్టనక్కరలేదు, మాడ్యూల్ పారామీటర్లుగా మార్చవచ్చు. స్లాట్లను నడుస్తున్న కర్నెల్ విలువలను మార్చే సిస్‌కంట్రోల్‌లో కూడా మార్చవచ్చు గానీ, ఆ మార్పు ఆ తర్వాత చేసే మౌంట్లకే వర్తిస్తుందని మరవకూడదు. లైనక్స్ 5.3 నుంచి ఉన్న ఎన్‌కనెక్ట్ అనే మౌంట్ ఆప్షన్‌తో ఒకే సర్వర్‌కు 16 దాకా కనెక్షన్లు తెరవవచ్చు. దూరపు లైన్ మీద 4తో మొదలుపెట్టమని నా సలహా. ల్యాబ్‌లో మాత్రం దీనికి వ్యతిరేకంగా ఆలోచించాలి: 40 క్లయింట్లు ఒకేసారి చిన్న సర్వర్ మీద పడేచోట గరిష్ఠ స్లాట్లను తగ్గించడమే మేలు. సర్వర్‌లో కాల్స్‌కు జవాబిచ్చే ఎన్‌ఎఫ్‌ఎస్ థ్రెడ్లు చాలాకాలం 8తోనే వచ్చేవి. మా ల్యాబ్‌లో నేను 32 చేశాను, ఉదయం తొమ్మిదిన్నరకు అందరూ ఒకేసారి లాగిన్ అయ్యేటప్పటి ఆలస్యం చాలావరకు తగ్గింది.

హార్డ్ మౌంట్, సాఫ్ట్ మౌంట్ అన్న ఎంపిక కూడా మౌంట్ చేసేటప్పటిదే. సర్వర్ జవాబు ఇవ్వకపోతే హార్డ్ మౌంట్ ఎంతసేపైనా ఆగి, మళ్లీ మళ్లీ అడుగుతుంది. సాఫ్ట్ మౌంట్ కొన్నిసార్లు అడిగి, లోపం అని చెప్పి వదిలేస్తుంది. విద్యార్థులు రాసే హోమ్ డైరెక్టరీలకు సాఫ్ట్ పెట్టవద్దు. రాత సగంలో వదిలేస్తే ఫైల్ పాడవుతుంది, అది పాడైందన్న సంగతి ప్రోగ్రాం గమనించకపోనూ వచ్చు.

ఎన్‌ఎఫ్‌ఎస్ స్వాప్ (మెమరీ చాలనప్పుడు సర్వర్ మీది ఫైల్‌ను మెమరీలా వాడుకోవడం), దానితో వచ్చే సన్‌ఆర్‌పీసీ స్వాప్ డిస్క్ లేని కంప్యూటర్లకు ఆకర్షణీయంగా కనబడతాయి. నేను వాటిని ఆపేసి, మెమరీలోనే కుదించి దాచుకునే జీర్యామ్ వాడుతున్నాను. మెమరీ కొరత వచ్చిన కంప్యూటర్ ఆ కొరతను నెట్‌వర్క్ మీదికి తోయకుండా తనలోనే సర్దుకుంటుంది. ఆర్‌డీఎంఏ రవాణా ఆప్షన్ ఇన్ఫినీబ్యాండ్ వంటి ప్రత్యేక కార్డులున్నవారికే. మామూలు గిగాబిట్ కార్డులకు దానితో పని లేదు.

సన్‌ఆర్‌పీసీ డీబగ్ మాత్రం ఆన్‌లో ఉంచండి. ఆన్‌లో ఉన్నంత మాత్రాన అది ఏమీ రాయదు. ఆర్‌పీసీడీబగ్ కమాండుతో లేపినప్పుడే రాస్తుంది, లేపితే మరీ ఎక్కువ రాస్తుంది. ఒకసారి లేపి, ఆపడం మరిచి ఇంటికి వెళ్లాను. పొద్దునకు లాగ్ పార్టిషన్ నిండిపోయింది. అందుకే ఇప్పుడు ముందుగా ట్రేస్‌పాయింట్లను వాడుతున్నాను. సన్‌ఆర్‌పీసీ కింద ఉన్న ట్రేస్ సంఘటనల్లో కావలసిన ఒకటి రెండింటినే ఎంచుకోవచ్చు, సర్వర్ మీద బరువు తక్కువ, లాగ్ నిండదు.

ఎంపికలన్నీ అయ్యాక, కొత్త కర్నెల్‌ను 24 కంప్యూటర్లకూ ఒకేసారి పంపకండి. శనివారం సాయంత్రం ల్యాబ్ ఖాళీ అయ్యాక ఒక్క కంప్యూటర్‌ను కొత్తదానితో లేపి, ఎడిటర్‌లో ఒక ఫైల్ తెరిచి, నాలుగు వరుసలు రాసి, సేవ్ నొక్కకుండా ఉంచి, సర్వర్ నెట్‌వర్క్ కేబుల్ తీసేయండి. ఇప్పుడు సేవ్ నొక్కితే కంప్యూటర్ ఆగాలి. కాసేపటికి కర్నెల్ లాగ్‌లో సర్వర్ స్పందించడం లేదు, ఇంకా ప్రయత్నిస్తున్నాను అన్న అర్థం వచ్చే వరుస పడాలి. కేబుల్ తిరిగి పెట్టండి. సర్వర్ సరే అన్న వరుస వచ్చి, ఫైల్ సేవ్ అవ్వాలి. తర్వాత ఇదే పరీక్షను సర్వర్‌ను పూర్తిగా రీస్టార్ట్ చేసి మళ్లీ చేయండి. ఈసారి పక్కన మరో కంప్యూటర్‌లో కొత్తగా లాగిన్ అవుతూ గడియారం చూసుకోండి. మొదటి కంప్యూటర్‌లోని నాలుగు వరుసలు సర్వర్ డిస్క్ మీద చేరాయో లేదో సర్వర్ దగ్గరికే వెళ్లి తెరిచి చదవండి. చేరి ఉంటే, సోమవారం మిగిలిన కంప్యూటర్లకు పంపవచ్చు.